గుట్ట ఎక్కించేది పిక్కబలమా, పళ్ళ లెక్కా?

సైకిలు గేర్లపై నూరేళ్ళ క్రితం కొండదారిలో జరిగిన పరీక్ష

రెండు వైపులా పాల క్యాన్లు కట్టిన సైకిలు చెరువుకట్ట ఎక్కుడు దగ్గరకు వచ్చేసరికి నెమ్మదిస్తుంది. మనిషి సీటు మీంచి లేస్తాడు. హ్యాండిల్‌ను తన వైపు లాక్కుంటూ, ఒళ్ళంతా బరువు చేసి నాలుగు తొక్కులు తొక్కుతాడు. అయిదోది పడదు. దిగుతాడు. మిగతా ఎక్కుడంతా సైకిలును నెట్టుకుంటూ నడుస్తాడు. వెనుక వచ్చేవాడు చూసి, ‘ఏం మామా, సత్తువ తగ్గిందా?’ అంటాడు. ‘వయసు మీద పడలేదట్రా’ అని ఆయనా ఒప్పేసుకుంటాడు.

ఈ దృశ్యం చూడని పల్లె లేదు. కూరగాయల గంపలు కట్టుకున్నవారు, గడ్డిమోపు వేసుకున్నవారు, బట్టల మూటతో ఊరూరా తిరిగేవారు అందరూ ఎక్కుడు దగ్గర దిగవలసిందే. అయితే తప్పు వారి కాళ్ళది కాదు. వయసుదీ కాదు. సైకిలుకు ముందున్న చైను చక్రానికి, వెనుకనున్న ఫ్రీవీలుకు ఉన్న పళ్ళది. ఆ సంగతి కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. ఫ్రాన్సు దేశంలో ఒకాయన కొండ మీదే తొక్కి చూశాడు. ఆయన చెప్పిన మాటను ఆ దేశపు పెద్దలు ఒప్పుకోవడానికి మాత్రం 35 ఏళ్ళు పట్టింది.

మన సైకిలు లెక్క

మొదట ఇంట్లో ఉన్న సైకిలునే చూద్దాం. ముందు చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పళ్ళు ఎన్నో ఎవరికి వారు సుద్దతో గుర్తుపెట్టి లెక్కపెట్టుకోవచ్చు. 44ను 18తో భాగిస్తే 2.44 వస్తుంది. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుందన్న మాట. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు నడుస్తుంది. కాబట్టి పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5.4 మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద ఇది చక్కని లెక్క. కాళ్ళు గబగబా ఆడనక్కరలేదు, దూరం తరిగిపోతుంది.

ఇప్పుడు ఎక్కుడు చూద్దాం. మనిషి 60 కిలోలు, సైకిలు 20 కిలోలు, పాలు 40 కిలోలు. మొత్తం 120. వంద మీటర్లు నడిస్తే ఆరు మీటర్లు లేచే ఎక్కుడు అనుకుందాం. ఈ బరువును పైకి లాగడానికి, టైరు రాపిడికి కలిపి ఎప్పుడూ ఎనిమిది కిలోల పైచిలుకు లాగుడు కావాలి. వినడానికి తక్కువే. కాని పెడలు ఒక చుట్టులో పాదం నడిచే దారి ఒక మీటరుకు కాస్త ఎక్కువ. ఆ కాస్త దారిలోనే సైకిలును 5.4 మీటర్లు పైకి లాగాలి. అందుకని పెడలు మీద సగటున 42 కిలోల బరువు పడాలి.

అది సగటు మాత్రమే. పెడలు బాగా పైకి వచ్చినప్పుడు, బాగా కిందికి పోయినప్పుడు ఎంత తొక్కినా చక్రం తిరగదు. ఆ లోటును క్రాంకు అడ్డంగా ఉన్నప్పుడు పూడ్చుకోవాలి. అప్పుడు పడవలసిన బరువు 65 కిలోలు దాటుతుంది. తొక్కే మనిషి బరువేమో 60 కిలోలు! తన బరువంతా ఒక్క పెడలు మీద వేసి నిలబడినా చాలదు. అందుకే హ్యాండిల్‌ను పైకి లాక్కుని ఆ మిగతా బలం తెచ్చుకుంటాడు. నాలుగు తొక్కులకు చేతులు, నడుము అలిసిపోతాయి. దిగక ఏం చేస్తాడు?

అదే సైకిలుకు ముందు ఎన్ని పళ్ళో వెనుకా అన్నే ఉంటే? పెడలు ఒక చుట్టుకు వెనుక చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. సైకిలు 2.2 మీటర్లే పోతుంది. పెడలు మీద సగటున పడవలసింది 17 కిలోలు. క్రాంకు అడ్డంగా ఉన్నప్పుడు కూడా 27 కిలోలు చాలు. అంటే సీటు మీంచి లేవకుండా ఎక్కవచ్చు.

ఇందులో మాయ ఏమీ లేదు. వంద మీటర్ల ఎక్కుడుకు మొదటి సైకిలు మీద పెడలు 18, 19 చుట్లు తిప్పితే చాలు. రెండో దాని మీద 45 చుట్లు తిప్పాలి. మొత్తం కష్టం ఒక్కటే. బస్తా వడ్లను ఒక్కసారి భుజాన వేసుకోలేనివాడు మూడు గంపల్లో మోసుకుపోతాడు. వడ్లు అవే, గాదె అదే. నడక పెరిగింది, నడుము మిగిలింది. గేరు చేసేదీ ఆ పనే.

పట్టు వర్తకుడికి పట్టిన సైకిలు పిచ్చి

ఈ లెక్కను జీవితమంతా పట్టుకు తిరిగినవాడు పాల్ ద వివీ. 1853లో దక్షిణ ఫ్రాన్సులో పుట్టాడు. సెయింట్ ఎటియెన్ పట్టణంలో పట్టు వ్యాపారం చేసేవాడు. 1881లో మొదటి సైకిలు కొన్నాడు. అది ముందు పెద్ద చక్రం, వెనుక బుల్లి చక్రం ఉన్న ఆ కాలపు ఎత్తు సైకిలు. అప్పటి నుంచి పట్టు మీద మనసు తగ్గింది, సైకిలు మీద పెరిగింది. 1887లో సైకిళ్ళ దుకాణం పెట్టాడు. ఆ ఏడే సైకిలు వాళ్ళ కోసం ఒక పత్రిక మొదలుపెట్టాడు. దానిలో ‘వెలోసియో’ అన్న పేరుతో రాసేవాడు. చివరకు అసలు పేరు మరుగున పడి ఆ పేరే నిలిచింది. 1889లో ‘గొలువాజ్’ అన్న పేరుతో సొంత సైకిలు తయారుచేశాడు.

సెయింట్ ఎటియెన్ పట్టణం దాటగానే కొండ. దక్షిణంగా పోయే రోడ్డు 1161 మీటర్ల ఎత్తున ఉన్న రిపబ్లిక్ కనుమ దాకా ఎక్కుతుంది. వెలోసియోకు ఆ కొండే ప్రయోగశాల. ఒకనాడు ఆయన ఆయాసపడుతూ ఆ కనుమ ఎక్కుతుంటే, ఆయన పత్రిక చదివే ఒక కుర్రాడు తాపీగా పైపు తాగుతూ ఆయనను దాటి పోయాడని చెబుతారు. ఆ కుర్రాడి బలం ఎంతో, తన బలం ఎంతో ఆలోచించాడు వెలోసియో. వయసును వెనక్కు తేలేం. పళ్ళను మార్చగలం కదా అనుకున్నాడు.

మొదట ముందు వైపున ఒకదాని పక్కన ఒకటి రెండు చైను చక్రాలు బిగించాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొండ మొదట్లో దిగి, గొలుసును చేత్తో ఎత్తి చిన్నదాని మీద వేసుకునేవాడు. పైకి చేరాక దిగి మళ్ళీ పెద్దదాని మీద వేసుకునేవాడు. ఆ తరువాత బండికి రెండో పక్కన మరో జత చక్రాలు బిగించి నాలుగు గేర్లు చేశాడు. చేతికి నూనె మసి అంటితే అంటింది, కొండ మాత్రం లొంగింది. తన చేతికి వచ్చిన ప్రతి గేరు పరికరాన్నీ ఆ కొండ మీద తొక్కి చూసి, బాగున్నది బాగున్నదనీ, లేనిది లేదనీ పత్రికలో రాసేవాడు. ఆయన పోటీ పందాల మనిషి కాదు. శాకాహారి. రోజుల తరబడి సైకిలు మీద ఊళ్ళు తిరగడమే ఆయన సరదా. గొప్ప కోసం తొక్కవద్దని తోటివారికి ఎప్పుడూ చెబుతుండేవాడు.

కొండదారిలో పరీక్ష

అప్పటి సైకిలు తయారీదారులకు, పందెగాళ్ళకు గేరు అంటే చిన్నచూపు. గేరుంటే సైకిలు బరువు పెరుగుతుంది, గొలుసు రాపిడికి బలం వృథా అవుతుంది, పైగా మగతనం కాదు అన్నది వారి వాదం. మొదటి రెండు మాటల్లో కొంత నిజం ఉంది. ఎంత నిజమో తేలాలంటే కొండ మీదే తేలాలి.

1902లో ఫ్రాన్సు సైకిలు యాత్రికుల సంఘం టూరింగ్ క్లబ్ దీనికి పూనుకుంది. యాత్రలకు పనికివచ్చే సైకిళ్ళ మంచిచెడ్డలు తేల్చడానికి పిరనీస్ పర్వతాలలో పోటీ పెట్టింది. తూర్మలే కనుమ ఆ దారిలో ఉంది. దాని ఎత్తు 2115 మీటర్లు. ఇప్పటిలా తారు రోడ్డు కాదు. రాళ్ళు తేలిన బండిబాట.

ఆ పోటీలో మార్త్ హెస్ అనే మహిళ పాల్గొన్నది. ఆమె ఎక్కింది వెలోసియో వారి గేర్ల గొలువాజ్ సైకిలు. పక్కన పేరుమోసిన పందెగాళ్ళున్నారు. ఎక్కుడు మొదలైంది. ఆమె సీటు మీదే కూర్చుని, చిన్న గేరులో నిదానంగా తొక్కుకుంటూ పోయింది. దారి పొడుగునా పాదం కింద పెట్టకుండా ఎక్కిందని ఆనాటి పత్రికలు రాశాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నదానికన్నా జనం నోట ఈ మాటే ఎక్కువగా ఆడింది.

ఆమె కాళ్ళు పందెగాళ్ళ కాళ్ళకన్నా బలమైనవని ఎవరూ అనలేదు. అనవలసిన పని కూడా లేదు. పరీక్ష తేల్చింది కాళ్ళ సంగతి కాదు, పళ్ళ సంగతి.

35 ఏళ్ళ పంతం

పరీక్ష అయింది, ఫలితం కళ్ళముందుంది. అయినా ఒప్పుకోనివారున్నారు. వారిలో పెద్ద మనిషి ఆన్రీ దెగ్రాంజ్. ఆయన ఒక క్రీడా పత్రికకు సంపాదకుడు. మరుసటి ఏడు 1903లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం ప్రారంభించింది ఆయనే. పరీక్షను ఆయన మెచ్చుకుంటూనే ఎగతాళి చేశాడు. గేర్లు 45 ఏళ్ళు దాటినవారికి పనికివస్తాయి గాని వయసులో ఉన్నవారికి ఎందుకని, కండబలంతో గెలవక ఉపాయంతో గెలవడం ఏం గెలుపని రాశాడు.

రాతతో ఆగలేదు. తన పందెంలో గేరు మార్చే పరికరాన్ని పేరున్న పందెగాళ్ళకు ఏళ్ళ తరబడి దగ్గరకు రానివ్వలేదు. తమాషా ఏమంటే, 1903లో జరిగిన ఆ మొదటి పందెమే వెలోసియో ప్రయోగాలు చేసిన రిపబ్లిక్ కనుమ మీదుగా పోయింది.

1910లో పందెం తూర్మలే కనుమకు వచ్చింది. దేశంలోని మేటి పందెగాళ్ళు ఆ ఎక్కుడులో దిగి సైకిళ్ళు నెట్టుకుంటూ నడిచారు. దిగకుండా ఎక్కినందుకు గుస్తావ్ గరిగూ అనే పందెగాడికి నూరు ఫ్రాంకుల ప్రత్యేక బహుమతి ఇచ్చారు. ఎనిమిదేళ్ళ కిందట ఒక మహిళ గేరు సైకిలు మీద చేసి చూపించిన పనికి, ఇప్పుడు మేటి మగవాడికి బహుమతి ఇవ్వవలసి వచ్చింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ కాలపు పందెగాళ్ళు మరో ఉపాయం చేసేవారు. వెనుక చక్రానికి రెండు పక్కలా ఒక్కొక్క పళ్ళ చక్రం బిగించుకునేవారు. చదునుకు ఒక పక్క, ఎక్కుడుకు ఒక పక్క. కొండ మొదట్లో దిగి, నట్లు విప్పి, చక్రాన్ని తిరగేసి బిగించేవారు. పైకి చేరాక మళ్ళీ అదే పని. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆ నట్లు విప్పడం ఎంత యాతనో చెప్పనక్కరలేదు.

1936లో దెగ్రాంజ్ ఆరోగ్యం చెడి పందెం నిర్వహణ జాక్ గొదే చేతికి వచ్చింది. 1937లో గేరు మార్చే డెరైలర్‌ను అందరికీ అనుమతించారు. ఆ ఏడు గెలిచిన రోజే లపెబీ సైకిలుకు డెరైలర్ ఉంది. అప్పటికి వెలోసియో లేడు. 1930లో సెయింట్ ఎటియెన్ వీధిలో ట్రాము తగిలి చనిపోయాడు. తన మాట నెగ్గడం ఆయన చూడలేదు. కాని ఆయన బతికుండగానే 1922లో, ఆయన పేరుతో రిపబ్లిక్ కనుమ ఎక్కే సైకిలు పండుగ మొదలైంది. అందులో పిల్లలు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూడా కొండ ఎక్కారు.

ఇప్పుడు మేటివారికీ చిన్న గేరే

చిన్న గేరు అంటే బలహీనుడి గేరు అన్న మాట తరువాత కూడా పూర్తిగా పోలేదు. 1980లలో రేసు సైకిలుకు ముందు 52, 42 పళ్ళ చక్రాలుండడం మామూలు. వెనుక అన్నిటికన్నా పెద్దది 23, 24 పళ్ళకు మించితే తోటివారు నవ్వేవారు. 42ను 24తో భాగిస్తే 1.75. ఎంత కొండ అయినా అంతకన్నా తేలిక గేరు లేదు.

ఈ శతాబ్దం వచ్చాక లెక్క మారింది. ముందు 50, 34 పళ్ళ జత సాధారణమైంది. వెనుక పెద్ద చక్రం 28 నుంచి 32కు, అక్కడి నుంచి 34కు పెరిగింది. జపాను కంపెనీ షిమానో 2021లో తెచ్చిన డ్యూరా ఏస్ రకం మేటి పందెగాళ్ళ కోసం చేసినది. దానికి కూడా వెనుక 34 పళ్ళ చక్రం వేసుకునే వీలు పెట్టింది. ముందు 34, వెనుక 34 అయితే పెడలు ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు. పెద్ద గేరులో ముందు 50, వెనుక 11 అయితే పెడలు ఒక చుట్టుకు చక్రం నాలుగున్నర చుట్లు. ఒకే సైకిలులో రెండు చివరలకూ అంత ఎడం. వెలోసియో కోరినది ఇదే.

28 తీసి 34 వేస్తే కొండ మీద పెడలు బరువు ఎంత తగ్గుతుంది? నూటికి సుమారు 18 వంతులు. ఈ అంకె గుర్తుంచుకోవాలి. మన పాల సైకిలు దగ్గరకు మళ్ళీ వస్తుంది.

పెద్ద చక్రం వేసే ముందు చూడవలసినవి

పాతది ఊడదీసి పెద్దది బిగించినంత మాత్రాన పని అయిపోదు. డెరైలర్‌కు తన హద్దు ఉంది. వెనుక చక్రాల కింద వేలాడుతూ రెండు చిన్న కప్పీలతో గొలుసును బిగువుగా పట్టి ఉంచేది అదే. పెద్ద చక్రాల మీద గొలుసు పడితే దాని చేయి ముందుకు సాగాలి. చిన్న చక్రాల మీద పడితే వెనక్కు పోయి వదులును మింగాలి. ఎంత వదులు మింగాలో సులువుగా లెక్క వేయవచ్చు. ముందు 50లోంచి 34 తీసివేస్తే 16. వెనుక 34లోంచి 11 తీసివేస్తే 23. రెండూ కలిపితే 39 పళ్ళు. షిమానో 2018లో తెచ్చిన 105 రకంలో పొట్టి చేయి డెరైలర్ 35 పళ్ళ వదులును, 30 పళ్ళ చక్రాన్ని మాత్రమే తట్టుకుంటుంది. పొడుగు చేయి ఉన్నది 39 పళ్ళ వదులును, 34 పళ్ళ చక్రాన్ని తట్టుకుంటుంది. రెండూ చూడడానికి ఒకలాగే ఉంటాయి. కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

తరువాత గొలుసు పొడవు. పెద్ద చక్రానికి పాత గొలుసు చాలకపోవచ్చు. ముందు పెద్దది, వెనుక పెద్దది మీద గొలుసు వేసి చూస్తే డెరైలర్ చేతికి ఇంకా కాస్త సాగే వీలుండాలి. అది బిర్రబిగుసుకుపోతే గొలుసు పొట్టిది. ఆ స్థితిలో రోడ్డెక్కి ఎవరైనా పొరపాటున ఆ గేరు వేస్తే డెరైలర్ విరిగి చక్రం పుల్లల్లో పడుతుంది. మనిషీ పడతాడు. ముందు చిన్నది, వెనుక చిన్నది మీద వేసినప్పుడు గొలుసు కిందికి జారి వేలాడితే పొడవు ఎక్కువైనట్టు.

మూడోది ఎడం. డెరైలర్ పై కప్పీకి, వెనుక పెద్ద చక్రం పళ్ళకు మధ్య సందు ఉండాలి. తగిలితే గరగర చప్పుడు వస్తుంది. దానికి వెనుక ఒక మర ఉంటుంది, బిగించి సరిచేయాలి. ఇదంతా వెనుక చక్రం నేలకు తగలకుండా బండిని ఎత్తి, చేత్తో పెడలు తిప్పుతూ షాపులోనే చూసుకోవాలి. మెకానిక్ అన్ని గేర్లూ పైకి ఒకసారి, కిందికి ఒకసారి మార్చి చూపించకుండా బండి తీసుకోరాదు.

ఆ తరువాత రోడ్డు పరీక్ష. కొత్త గేరు బాగుందో లేదో తేల్చాలంటే ఎక్కుడు అదే ఉండాలి, బరువు అదే ఉండాలి, టైర్లలో గాలి అంతే ఉండాలి. పాతదానితో ఒకసారి, కొత్తదానితో ఒకసారి ఎక్కాలి. ఎక్కడ ఆయాసం మొదలైంది, ఎక్కడ సీటు మీంచి లేవవలసి వచ్చింది, మరునాడు పొద్దున మోకాళ్ళు ఎలా ఉన్నాయి అన్నవే చూడవలసినవి. ఎంత సేపట్లో చేరారన్నది ఆ తరువాతి మాట.

లాభంతో పాటు నష్టం

పెద్ద చక్రం వేసుకున్నందుకు కొంత వదులుకోవలసి ఉంది. వెనుక 11 మెట్లు ఉన్న సైకిలు తీసుకుందాం. 11 నుంచి 28 దాకా అయితే మొదటి మెట్లు 11, 12, 13, 14, 15 అని ఒక్కొక్క పన్ను చొప్పున పెరుగుతాయి. 11 నుంచి 34 దాకా అయితే 11, 13, 15, 17 అని రెండేసి పళ్ళు దూకాలి. చదును రోడ్డు మీద వేగంగా పోయేవాడికి ఒక గేరు బరువుగా, పక్కది మరీ తేలికగా తోస్తుంది. గుంపులో కలిసి పోయే పందెగాడికి ఇది ఇబ్బందే. సరుకు వేసుకుపోయేవాడికి మాత్రం పెద్ద లెక్కలోది కాదు.

మరీ చిన్న గేరు కూడా మంచిది కాదు. నిమిషానికి పెడలు 60 చుట్లు తిప్పితే ఒకటికి ఒకటి గేరులో సైకిలు గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోతుంది. నడకకన్నా నయం. ఇంకా చిన్నదైతే నడక వేగానికి దిగిపోతుంది. అంత నెమ్మదిలో సైకిలు నిలకడగా నిలవదు, బరువు ఉంటే అటూ ఇటూ ఊగుతుంది. అక్కడ దిగి నెట్టుకోవడమే మేలు.

పాల సైకిలుకు ఏం దారి?

డెరైలర్లు, 34 పళ్ళ చక్రాలు పందెం సైకిళ్ళకు. పెద్ద సైకిలు మీద బతికే మనిషికి ఏమిటి ఉపయోగం? ఉంది. ఖర్చు తక్కువ దారి ఫ్రీవీలు మార్చడం. 18 పళ్ళది తీసి 22 పళ్ళది వేస్తే పెడలు బరువు సుమారు 18 వంతులు తగ్గుతుంది. పందెగాడు 28 తీసి 34 వేసుకుంటే పొందే మేలు కూడా సరిగ్గా ఇంతే.

మొదటి లెక్కను మళ్ళీ చూద్దాం. 120 కిలోల బండి, అదే ఎక్కుడు. 18 పళ్ళతో క్రాంకు అడ్డంగా ఉన్నప్పుడు 65 కిలోల పైన పడాలి, మనిషి బరువు 60. సాగదు. 22 పళ్ళతో 54 కిలోలు చాలు. మనిషి బరువుకు లోపలికి వచ్చింది. లేచి నిలబడి, హ్యాండిల్ మీద పెనుగులాడకుండా, తన బరువుతోనే ఎక్కగలడు. దిగవలసి రావడానికి, దిగకుండా ఎక్కడానికి మధ్య ఉన్నది నాలుగు పళ్ళు.

దీనికీ మూల్యం ఉంది. చదును మీద పెడలు ఒక చుట్టుకు 5.4 మీటర్లకు బదులు 4.4 మీటర్లే పోతుంది. కాళ్ళు ఎక్కువ ఆడాలి. రోజూ చదును మీదే తిరిగేవాడికి ఇది నష్టం. దారిలో ఎక్కుడున్నవాడికి, బరువు వేసేవాడికి లాభం. ఫ్రీవీలు పెద్దదైతే గొలుసు కూడా చాలాలి. వెనుక ఇరుసును కాస్త ముందుకు జరపాలి, చాలకపోతే లింకులు కలపాలి.

రెండో దారి చక్రం ఇరుసు డబ్బాలోనే దాగి ఉండే మూడు గేర్ల హబ్బు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1903 నుంచి ఇలాంటివి అమ్మింది. వారి పేరుపడిన రకంలో మామూలు గేరుకు నాలుగింట మూడు వంతుల తేలిక గేరు ఒకటి, మూడో వంతు ఎక్కువ బరువైనది ఒకటి ఉంటాయి. దుమ్ము, బురద లోపలికి అంత సులువుగా పోవు. గొలుసు పక్కకు జరగదు.

ఇక పిల్లలకు కొనిపెట్టిన గేరు సైకిళ్ళు. ముందు మూడు, వెనుక ఆరో ఏడో చక్రాలతో ఇవి ఊళ్ళలో చాలా కనిపిస్తున్నాయి. వాటిలో చాలావాటికి కొండ ఎక్కే చిన్న గేరు ముందే ఉంది. కాని ఎక్కువ మంది ఒకే గేరులో పెట్టి, తీగ తుప్పు పట్టేదాకా అలాగే తొక్కుతారు. ఎక్కుడు మొదలయ్యాక, పెడలు మీద బరువంతా పడ్డాక గేరు మార్చబోతారు. గొలుసు గట్టిగా మొరాయిస్తుంది, ఊడిపోతుంది. ‘గేరు సైకిలు వేస్టు’ అని తేల్చేస్తారు. ఎక్కుడు ఇంకా పది గజాల దూరం ఉండగానే, పెడలు తేలికగా తిరుగుతుండగానే మార్చాలి. ఆగి ఉన్నప్పుడు మార్చరాదు. ముందు పెద్దది, వెనుక పెద్దది కలిపి వాడరాదు. గొలుసు ఏటవాలుగా లాగబడి త్వరగా అరుగుతుంది. ఇంకో మాట. తేలిక గేరుతో పెద్ద గుట్ట ఎక్కడం సులువే, దిగేటప్పుడు ఆపేది బ్రేకులే. గేరు సంగతి చూసిననాడే బ్రేకు కట్టలు కూడా చూసుకోవాలి.

చెరువుకట్ట మీద తేలే సంగతి

దెగ్రాంజ్ మాట విని తరాల తరబడి పందెగాళ్ళు కొండల్లో నట్లు విప్పుతూ కూర్చున్నారు. పల్లెల్లో మన వాళ్ళు ఎవరి మాటా వినకుండానే అదే తప్పు చేస్తున్నారు. సైకిలు కొన్ననాడు దానికి ఏ పళ్ళుంటే అవే తలరాత అనుకుంటున్నారు. ఎక్కుడు దగ్గర దిగిన ప్రతిసారీ తమ కాళ్ళను తిట్టుకుంటున్నారు.

ఈ వారం ఎవరైనా చేసి చూడవచ్చు. ముందు పళ్ళు ఎన్ని, వెనుక పళ్ళు ఎన్ని లెక్కపెట్టాలి. ముందువాటిని వెనుకవాటితో భాగించాలి. రెండున్నర దగ్గర వచ్చి, రోజూ బరువుతో ఎక్కుడు ఎక్కవలసి ఉంటే ఫ్రీవీలు సంగతి మెకానిక్‌ను అడగాలి. దిగిన చోట రోడ్డు పక్కన ఒక రాయి పెట్టాలి. ఫ్రీవీలు మార్చాక అదే బరువుతో, అదే ఎక్కుడు ఎక్కాలి. రాయి దాటి పోతే వెలోసియో మాట నిజం. దాటకపోతే ఇంకో రెండు పళ్ళ సంగతి ఆలోచించవచ్చు.

వెనుక వచ్చేవాడు అప్పుడు కూడా ఏదో ఒకటి అంటాడు. ‘ఏం మామా, ఇంత నిదానమా?’ అంటాడు. అననీయండి. పాలు చల్లారకముందే కేంద్రానికి చేరతాయి. మోకాళ్ళు రేపటికీ పనికివస్తాయి.